పసిబిడ్డ సాయంకాలపు ఏడుపు: వెన్నుపూస సర్దితే తగ్గుతుందా?

దీపాలు పెట్టే వేళకు కొన్ని ఇళ్లలో ఒక పరీక్ష మొదలవుతుంది. పగలంతా చక్కగా పాలు త్రాగి నిద్రించిన నెలబిడ్డ, పొద్దు వాలగానే ఉన్నట్టుండి గుక్క తిప్పుకోకుండా ఏడవడం ప్రారంభిస్తుంది. పిడికిళ్లు బిగిస్తుంది. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుంటుంది. ముఖం ఎర్రబడుతుంది. పాలిచ్చినా, భుజాన వేసుకొని తిప్పినా, ఊయలలో వేసి ఊపినా గంటల తరబడి ఊరుకోదు. “కడుపునొప్పి” అంటుంది అమ్మమ్మ. “దిష్టి తగిలింది” అంటుంది పొరుగింటి పెద్దమ్మ. “తల్లి తిన్నది పడలేదు” అంటుంది అత్తగారు. ఈ ఏడుపునే వైద్యులు కోలిక్ అని పిలుస్తారు. పెద్దప్రేగుకు గ్రీకు భాషలో ఉన్న పేరు నుండి పుట్టిన మాట ఇది.

ఇటీవలి కాలంలో ఈ సలహాలకు మరొకటి తోడైంది. చేతిఫోనులో కనిపించే వీడియోలలో తెల్లకోటు ధరించిన ఒకరు పసికందును బోర్లా పడుకోబెట్టి, వెన్నెముకను వ్రేళ్లతో నొక్కి, మెడను కొద్దిగా త్రిప్పుతారు. బిడ్డ ఏడుపు మానుతుంది. ఆ విద్య పేరు కైరోప్రాక్టిక్. బెంగళూరు వంటి నగరాలలో ఈ చికిత్సాలయాలు ఉన్నాయి. హోసూరు వైపు నుండి, పావగడ వైపు నుండి అక్కడికి పనులకు వెళ్లివచ్చే కుటుంబాలకు ఆ బోర్డులు కొత్త కావు. “మా బిడ్డను కూడా చూపించమంటారా?” అని అడిగే చిన్న వయసు తల్లిదండ్రుల కోసం ఈ వ్యాసం.

చెప్పదలచినది ఒక్కటే. కోలిక్ తనంతట తానే వచ్చి, తనంతట తానే పోయే ఏడుపు. అది పోయే సమయంలో మనం ఏ పని చేస్తే, ఆ పనికే పేరు వస్తుంది. నిజంగా ఆ పని వల్లనే తగ్గిందా అని న్యాయంగా పోల్చి చూసినప్పుడు, వెన్నెముక చికిత్స ఆ పరీక్షలో నిలబడలేదు.

ఈ ఏడుపు స్వభావం

ఆరోగ్యంగా ఉన్న శిశువు రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, 3 వారాలకు మించి ఏడిస్తే దానిని కోలిక్ అనవచ్చునని అమెరికా దేశపు శిశువైద్యుడు మోరిస్ వెసెల్, ఆయన సహచరులు 1954లో ఒక కొలత చెప్పారు. “మూడు మూళ్ల సూత్రం”గా అది ప్రసిద్ధి పొందింది. 2016లో వెలువడిన అంతర్జాతీయ నిర్వచనం గంటల లెక్కను కొంత సడలించింది. అయిదు నెలల లోపు బిడ్డ, జ్వరం గాని, జబ్బు గాని, ఎదుగుదల లోపం గాని లేకుండా, కారణం కనబడకుండా, తరచుగా, దీర్ఘంగా ఏడుస్తూ ఉంటే అది కోలిక్ అన్నది దాని సారాంశం.

ఈ ఏడుపుకు ఒక నడక ఉన్నది. పుట్టిన రెండు మూడు వారాలకు మొదలవుతుంది. ఆరవ వారం ప్రాంతంలో పతాక స్థాయికి చేరుతుంది. మూడు నాలుగు నెలలు నిండేసరికి చల్లారిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలలో కూడా ఈ లెక్క ఇంచుమించు కాన్పు కావలసిన తేదీ నుండి నడుస్తుంది.

2017లో డీటర్ వోల్క్, ఆయన సహచరులు వివిధ దేశాలలో తల్లిదండ్రులు వ్రాసి ఉంచిన ఏడుపు దినచర్యలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. మొదటి ఆరు వారాలలో సగటు శిశువు రోజుకు సుమారు రెండు గంటలు ఏడుస్తుందని, పది పన్నెండు వారాలకు అది 68 నిమిషాలకు దిగుతుందని తేలింది. కోలిక్ అనదగిన ఏడుపు మొదటి ఆరు వారాలలో 17 నుండి 25 శాతం బిడ్డలలో ఉండగా, ఎనిమిది తొమ్మిది వారాలకు 11 శాతానికి, పది పన్నెండు వారాలకు 0.6 శాతానికి పడిపోయింది. అంటే కోలిక్ ఉన్న బిడ్డలలో దాదాపు అందరికీ మూడవ నెల ముగిసేసరికి అది మాయమవుతున్నది.

దీని కారణం ఇదేనని ఇంతవరకు ఎవరూ నిర్ధారించలేదు. ప్రేగుల ఎదుగుదల, వాటిలోని సూక్ష్మజీవుల తీరు, నిద్రా మెలకువలను అదుపు చేసే మెదడు ఇంకా పరిపక్వం కాకపోవడం వంటివి పరిశీలనలో ఉన్నాయి. కారణం తెలియని చోటనే రకరకాల వైద్యాలు వచ్చి నిలబడతాయి.

చేతివాటపు వైద్యం ఎక్కడిది?

కైరోప్రాక్టిక్ అన్నది గ్రీకు మాటల కలయిక. “చేతితో చేయునది” అని అర్థం. కెనడాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన డేనియల్ డేవిడ్ పామర్ 1895లో అయోవా రాష్ట్రంలోని డేవన్‌పోర్ట్ పట్టణంలో దీనిని ప్రారంభించాడు. చెవుడు ఉన్న హార్వీ లిల్లార్డ్ అనే పారిశుద్ధ్య కార్మికుడి వెన్నుపూసను సర్దగానే అతనికి వినికిడి వచ్చిందని పామర్ చెప్పుకున్నాడు. నూటికి 95 జబ్బులు వెన్నుపూసలు తమ స్థానం నుండి తొలగడం వల్లనే వస్తాయని 1910లో తన గ్రంథంలో వ్రాశాడు.

ఆ విద్య నేడు అమెరికా, బ్రిటన్, డెన్మార్క్, ఆస్ట్రేలియా మొదలైన దేశాలలో చట్టబద్ధమైన వృత్తి. పెద్దవారి నడుము నొప్పికి ఈ చికిత్స కొంత ఉపశమనం ఇస్తుందని అధ్యయనాలు ఉన్నాయి. ఆ విషయంలో మనకు పేచీ లేదు. మన ప్రశ్న పసిబిడ్డ ఏడుపును గురించినది మాత్రమే.

కోలిక్ విషయంలో వారు చెప్పే వాదన ఇది. కాన్పు సమయంలో బిడ్డ మెడ, వెన్ను ఒత్తిడికి గురై పూసలు కొద్దిగా తొలగుతాయి. అవి నరాలను ఒత్తడం వల్ల ప్రేగుల పని చెడి బిడ్డ ఏడుస్తుంది. పూసలను సర్దితే ఏడుపు తగ్గుతుంది. వినడానికి సబబుగానే ఉన్నది. కాని కోలిక్ బిడ్డలలో పూసలు ఇలా తొలగి ఉంటాయని చూపిన ఆధారం లేదు. పైగా పసిబిడ్డ వెన్నెముక పెద్దవారి వెన్నెముకకు చిన్న నమూనా కాదు. అందులో చాలా భాగం ఇంకా ఎముకగా గట్టిపడని మృదులాస్థి. పూసల భాగాలు పూర్తిగా కలిసి ఉండవు. శరీరపు పొడవులో దాదాపు నాలుగవ వంతు తలే. దానిని మోసే మెడ కండరాలకు ఇంకా బలం రాదు. పెద్దవారిలో “టక్” మని వినిపించే శబ్దం కూడా పూస తన చోటికి చేరిన శబ్దం కాదు. కీలులోని ద్రవంలో వాయు బుడగ ఏర్పడే శబ్దం.

“మా బిడ్డకు తగ్గింది కదా!”

జలుబుకు మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజులలో తగ్గుతుంది అని మన పెద్దలు హాస్యానికి అంటారు. ఆ హాస్యంలో గొప్ప శాస్త్రం ఉన్నది.

1989లో డెన్మార్క్ దేశంలో ఒక అధ్యయనం వెలువడింది. కోలిక్ ఉన్న 316 మంది శిశువులకు కైరోప్రాక్టిక్ చికిత్స చేయగా, 94 శాతం మందిలో రెండు వారాలలోపు మంచి ఫలితం కనిపించిందని అందులో వ్రాశారు. ఈ సంఖ్యను నేటికీ కొందరు ప్రచారంలో చూపుతుంటారు. 94 శాతం అంటే ఎవరికైనా ఆశ కలుగుతుంది.

కాని రెండు విషయాలు గమనించాలి. మొదటిది, చికిత్స మొదలైనప్పుడు ఆ శిశువుల మధ్యస్థ వయస్సు 5.7 వారాలు. అంటే ఏడుపు పతాక స్థాయిలో ఉన్న సమయం. అక్కడి నుండి అది దిగవలసినదే. రెండవది, చికిత్స పొందని బిడ్డల బృందం ఒకటి ప్రక్కన లేనే లేదు. పోల్చి చూడడానికి ఎవరూ లేనప్పుడు, కాలం చేసిన పనినీ చేయి చేసిన పనినీ వేరు చేయడం ఎలా సాధ్యం?

మన పొలం లెక్కతో చెప్పుకుందాం. కొత్త ఎరువు వేసిన సంవత్సరమే వానలు బాగా కురిసి పంట పండితే, ఆ ఘనత ఎరువుదా వానదా? తెలియాలంటే ప్రక్క మడిలో ఎరువు వేయకుండా అదే విత్తనం వేసి చూడాలి. వైద్యంలో కూడా అంతే. అంతే కాదు, ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. ఏడుపు ఎంతసేపు ఉన్నదో దినచర్యలో వ్రాసేది తల్లిదండ్రులు. బిడ్డకు చికిత్స జరిగిందని తెలిసిన తల్లి మనసు కుదుటపడుతుంది. కుదుటపడిన మనసుకు అదే ఏడుపు తక్కువగా వినిపిస్తుంది. ఇది అబద్ధం చెప్పడం కాదు, మనిషి స్వభావం. కనుక తమ బిడ్డ ఏ బృందంలో ఉన్నదో తల్లిదండ్రులకు తెలియకుండా పరీక్ష జరపడం అవసరం.

న్యాయమైన పరీక్షలలో ఏమి తేలింది?

1999లో డెన్మార్క్‌లోనే జరిగిన మరొక పరీక్షలో కొందరు బిడ్డలకు వెన్నెముక చికిత్స, మరికొందరికి డైమెథికోన్ అనే మందు ఇచ్చి పోల్చారు. వెన్నెముక చికిత్స మేలన్నట్లు ఫలితం వచ్చింది. అయితే తమ బిడ్డకు ఏది జరుగుతున్నదో తల్లిదండ్రులకు తెలుసు.

2001లో నార్వేలో ఈ లోపాన్ని సవరించారు. 100 మంది శిశువులను చీట్లు తీసినట్లు రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందానికి కైరోప్రాక్టర్ చికిత్స చేశాడు. రెండవ బృందంలోని బిడ్డను నర్సు పది నిమిషాలు ఎత్తుకొని ఉన్నది, అంతే. ఎవరికి ఏమి జరిగిందో తల్లిదండ్రులకు తెలియనివ్వలేదు. చివరకు మిగిలిన 86 మందిలో, చికిత్స పొందిన 46 మందిలో 32 మందికి, నర్సు ఎత్తుకున్న 40 మందిలో 24 మందికి ఎంతో కొంత మెరుగు కనిపించింది. అంటే సుమారు 70 శాతం ఒకవైపు, 60 శాతం మరొకవైపు. ఇంత తేడా కాకతాళీయంగా కూడా రాగలదు గనుక, చికిత్స వల్ల ప్రయోజనం ఉన్నదని చెప్పలేమని పరిశోధకులు తేల్చారు. ఊరికే ఎత్తుకున్న బిడ్డలలో కూడా నూటికి 60 మందికి మెరుగు కనిపించడమే ఇక్కడ అసలైన పాఠం.

2012లో కాక్రేన్ సంస్థ కోలిక్‌కు చేసే చేతి చికిత్సలపై అప్పటివరకు జరిగిన 6 పరీక్షలను, మొత్తం 325 మంది శిశువుల వివరాలను సమీక్షించింది. అన్నీ కలిపి చూస్తే ఏడుపు తగ్గినట్లే కనిపించింది. కాని తల్లిదండ్రులకు విషయం తెలియకుండా జరిపిన పరీక్షలను మాత్రమే తీసుకుంటే, ఆ తేడా నిలబడలేదు.

2021లో డెన్మార్క్ నుండి మరొక పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ఇందులో 200 మంది శిశువులు పాల్గొన్నారు. చికిత్స గదిలోకి తల్లిదండ్రులను అనుమతించలేదు. చికిత్స పొందిన బిడ్డలలో రోజుకు సుమారు గంటన్నర, పొందని బిడ్డలలో సుమారు గంట ఏడుపు తగ్గింది. బిడ్డల వయస్సు, మొదట్లో ఉన్న ఏడుపు మొదలైనవి లెక్కలోకి తీసుకున్న తరువాత, ఆ అరగంట తేడా నమ్మదగినంత గట్టిగా నిలవలేదు. ఏమీ చేయని బిడ్డలకు కూడా రెండు వారాలలో గంట ఏడుపు తగ్గిందన్న మాట.

న్యాయస్థానానికి ఎక్కిన వివాదం

ఈ విషయం ఒకసారి బ్రిటన్ న్యాయస్థానాల వరకు వెళ్లింది. భారతీయ సంతతికి చెందిన విజ్ఞాన రచయిత సైమన్ సింగ్ 2008 ఏప్రిల్‌లో గార్డియన్ పత్రికలో ఒక వ్యాసం వ్రాశారు. కోలిక్, ఉబ్బసం, చెవి వ్యాధులు వంటి పిల్లల సమస్యలకు తమ సభ్యులు సహాయపడగలరని బ్రిటిష్ కైరోప్రాక్టిక్ సంఘం చెప్పడాన్ని, తగిన ఆధారం లేదని విమర్శించారు. ఆ సంఘం ఆయనపై పరువునష్టం దావా వేసింది. 2010 ఏప్రిల్ 1న అప్పీలు న్యాయస్థానం కీలకమైన అంశంలో సింగ్‌కు అనుకూలంగా తీర్పు చెప్పింది. అదే నెలలో సంఘం దావాను ఉపసంహరించుకున్నది. బ్రిటన్‌లో 2013లో వచ్చిన కొత్త పరువునష్టం చట్టానికి దారితీసిన ఉద్యమంలో ఈ దావా ఒక ముఖ్య ఘట్టం.

ఆస్ట్రేలియాలో మరొక విధంగా చర్చ లేచింది. రెండు వారాల పసికందును ఒక కైరోప్రాక్టర్ కాళ్లు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసిన వీడియో 2019 ఫిబ్రవరిలో దేశమంతటా కలవరం రేపింది. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. రెండేళ్లలోపు పిల్లలకు వెన్నెముక చికిత్స చేయరాదని వృత్తి నియంత్రణ మండలి 2019 మార్చిలో తాత్కాలికంగా నిషేధించింది. విచారణలో తీవ్రమైన హాని జరిగిన ఉదంతాలు ఆ దేశంలో బయటపడలేదు. కాని ప్రయోజనానికి ఆధారం కూడా బలహీనంగానే తేలింది. 2023 నవంబరులో మండలి ఆ నిషేధాన్ని సడలించగా, ఆరోగ్య మంత్రులు అభ్యంతరం తెలిపిన మీదట 2024 జూన్‌లో మళ్లీ విధించింది.

“హాని లేదు కదా, చూస్తే తప్పేమి?”

ఈ ప్రశ్న సహజమే. హాని అరుదు అన్న మాట నిజం. పసిబిడ్డలకు చాలామంది కైరోప్రాక్టర్లు వ్రేలి కొనతో తేలికగా మాత్రమే నొక్కుతారు. అయినా అరుదు అంటే అసలు లేదని కాదు. 2007లో సునీతా వోహ్రా, ఆమె సహచరులు పిల్లలలో వెన్నెముక చికిత్స వల్ల జరిగిన హానిని గూర్చి ప్రచురితమైన నివేదికలను వెదికారు. నేరుగా హాని కలిగిన 14 ఉదంతాలు దొరకగా, వాటిలో 9 తీవ్రమైనవి. మెదడు పొరల మధ్య రక్తస్రావం, కాళ్లు చచ్చుబడడం వంటివి అందులో ఉన్నాయి. ఇవి అన్ని వయసుల పిల్లలకు సంబంధించినవి. మరొక 20 ఉదంతాలలో హాని వేరే దారిన వచ్చింది. మధుమేహం, కంతి, మెదడు పొరల వాపు వంటి అసలు జబ్బు ఉండగా, వెన్నెముక చికిత్సలో కాలం గడిచిపోయింది, లేదా ఆ జబ్బుకే ఈ చికిత్స చేశారు.

ఈ రెండవ రకపు హానే మన సరిహద్దు పల్లెలకు ఎక్కువ వర్తిస్తుంది. పెద్దాసుపత్రి దూరం. ఒక రాష్ట్రపు ఊరు, మరొక రాష్ట్రపు పట్టణం. బస్సు ఖర్చు, కూలి నష్టం. ఉన్న ఒక్క ప్రయాణాన్ని వెన్నెముక సర్దించుకోవడానికి ఖర్చు చేస్తే, నిజమైన జబ్బు ఉన్న బిడ్డకు శిశువైద్యుని దర్శనం ఆలస్యమవుతుంది. ఏ బిడ్డది కోలిక్, ఏ బిడ్డది జబ్బు అని తేల్చవలసినది ముందుగా వైద్యుడే.

మన ఇళ్లలోని వైద్యాలకూ ఇదే త్రాసు

పరాయి దేశపు విద్యను తూచిన త్రాసుతో మన ఇంటి వైద్యాన్ని కూడా తూచడమే న్యాయం.

నూనె మర్దన, కాళ్లపై పడుకోబెట్టి నీళ్లు పోయడం మన బాలింతల ఇళ్లలో తరతరాల ఆచారం. మెల్లగా, వెచ్చని చేతితో చేసే మర్దన బిడ్డకు హాయినిస్తుంది. దానిని మానవలసిన పని లేదు. కాని స్నానం ముగిశాక కాళ్లు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీయడం, కీళ్లు విరిచినట్లు లాగడం, ముక్కులో చెవిలో నూనె పోయడం, గొంతులో వ్రేలు పెట్టి కళ్లె తీయడం మాత్రం కూడదు. ఆస్ట్రేలియాలో దేశాన్ని కలవరపెట్టిన దృశ్యం మన పెరటిలో జరిగినంత మాత్రాన క్షేమకరం కాబోదు.

ఈ మాటను పెద్దలకు చెప్పడంలో గౌరవం ఉండాలి. “అమ్మమ్మా, మీ చేతి మర్దనకు బిడ్డ హాయిగా నిద్రపోతున్నది. తలక్రిందులు చేయడం మాత్రం వద్దని డాక్టరుగారు చెప్పారు” అంటే నొచ్చుకునే అమ్మమ్మలు తక్కువ.

గ్రైప్ వాటర్ మన ఇళ్లకు పాత చుట్టమే. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం ఉడ్‌వర్డ్ దానిని తయారు చేశాడు. తొలి రోజులలో అందులో మద్యసారం ఉండేది, తరువాత తొలగించారు. కోలిక్‌ను తగ్గిస్తుందనడానికి దానికి కూడా తగిన ఆధారం లేదు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీరు సైతం అవసరం లేదు. వసకొమ్ము అరగదీసి నాకించడం, ఉగ్గు పోయడం కూడా ఆ వయసులో తగదు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే పెట్టరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవుల బీజాలు పసిప్రేగులలో విషం పుట్టించగలవు. డైసైక్లోమిన్ కలిసిన చుక్కల మందు ఆరు నెలల లోపు బిడ్డకు శ్వాస ఇబ్బంది కలిగించగలదు గనుక, మందుల దుకాణంలో అడిగి తెచ్చి వేయడం ప్రమాదం.

అన్నిటికంటె ఘోరమైనది చురకలు వేయడం. 2025 మార్చిలో ఒడిశాలోని నవరంగ్‌పుర్ జిల్లాలో అనారోగ్యంగా ఉన్న నెలరోజుల శిశువుకు పొట్టపైన, తలపైన సుమారు 40 చోట్ల కాల్చిన ఇనుముతో చురకలు పెట్టగా, ఆ బిడ్డను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. చురక పెట్టిన తరువాత బ్రతికి, మూడవ నెలకు ఏడుపు మానిన బిడ్డలను చూపి, “చూడండి, తగ్గింది” అనే వారున్నంత కాలం ఈ ఆచారం చావదు. డెన్మార్క్ అధ్యయనంలోని 94 శాతానికి, మన ఊరి చురకల పేరుకు వెనుక ఉన్న తర్కం ఒక్కటే. తగ్గినదంతా తగ్గించినది కాదు.

తల్లికి పెట్టే పథ్యం కూడా ఇటువంటిదే. బిడ్డ ఏడుస్తున్నదని బాలింతకు పప్పు, కూరగాయలు, పండ్లు మాన్పించి కారప్పొడి అన్నంతో సరిపెట్టే ఇళ్లున్నాయి. పాలిచ్చే తల్లికి రెండు పూటలు ఎక్కువ పెట్టవలసిన సమయమది. ఆవుపాల మాంసకృత్తు పడని బిడ్డలు కొద్దిమంది ఉంటారు. విరేచనంలో రక్తపు చారలు, ఒంటిపై దద్దుర్లు కనిపిస్తే వైద్యుడు పరీక్షించి, తల్లి ఆహారంలో మార్పు చెబుతారు. అంతేగాని ఊహతో పథ్యం పెట్టరాదు.

మరి ఏమి చేయాలి?

ముందుగా ఒకసారి వైద్యునికి చూపించి బిడ్డ ఆరోగ్యంగా ఉన్నదని నిర్ధారించుకోండి. ప్రభుత్వ పథకం ప్రకారం ఆశా కార్యకర్త కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. ఆ 42వ రోజు ఆరవ వారమే. ఏడుపు పతాక స్థాయిలో ఉండే ఆ రోజున ఆమెతో దాచకుండా మాట్లాడండి, బరువు తూయించండి. బరువు పెరుగుతూ, రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, ఏడుపు లేని వేళ చురుకుగా ఉన్న బిడ్డ గురించి చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు.

ఏడుపు వేళ చేయదగినవి సులభమైనవే. పాలు త్రాగిన తరువాత భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేవరకు వీపు నిమరండి. తల్లి గాని, తండ్రి గాని బిడ్డను ఒంటికి హత్తుకొని మెల్లగా నడవండి. దీపపు వెలుతురు, టీవీ మోత, చుట్టాల రాకపోకలు తగ్గించండి. సన్నని గొంతుతో జోల పాడండి, ఒకే తీరున మెల్లగా ఊపండి. గోరువెచ్చని స్నానం కొందరు బిడ్డలకు హాయినిస్తుంది. నిద్రించేటప్పుడు వెల్లకిల పడుకోబెట్టండి. ఇవి అందరికీ ప్రతిసారీ పనిచేయవు. పనిచేయకపోతే తప్పు మీది కాదు.

ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. ఎంత విసుగు వచ్చినా బిడ్డను పట్టుకొని గట్టిగా కుదపరాదు. క్షణాలలో మెదడులో రక్తస్రావమై చూపు పోవడం, ప్రాణమే పోవడం జరుగుతుంది. ఓపిక నశించిందనిపిస్తే బిడ్డను క్షేమమైన చోట వెల్లకిల పడుకోబెట్టి, గది బయటకు వచ్చి నాలుగు నిమిషాలు ఊపిరి తీసుకోండి, మరొకరిని పిలవండి. నాలుగు నిమిషాలు ఏడ్చినందువల్ల బిడ్డకు ఏమీ కాదు. అత్తగారైనా, ఆడబిడ్డయినా, భర్తయినా సాయంకాలం ఒక గంట బిడ్డను ఎత్తుకొని తల్లిని పడుకోనిస్తే, అది ఏ చికిత్సాలయంలోనూ దొరకని వైద్యం. రెండు వారాలు దాటినా తల్లి దిగులుగా, కన్నీళ్లతో, బిడ్డపై ఆసక్తి లేకుండా ఉంటే ఆమెను కూడా వైద్యునికి చూపించాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా అది కోలిక్ అనుకొని ఇంట్లో ఉండవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, లేదా ఒళ్లు చల్లబడడం.

పాలు త్రాగకపోవడం, మగతగా పడి ఉండడం, మూర్ఛ.

ఆకుపచ్చని వాంతి, చిమ్మినట్లు పదే పదే వాంతి, పొట్ట ఉబ్బి గట్టిపడడం, విరేచనంలో రక్తం.

నిమిషానికి 60 లేదా అంతకు మించి శ్వాస, డొక్కలు లోపలికి పోవడం.

మాడు ఉబ్బడం, ఎప్పుడూ లేని విధంగా కీచుగొంతుతో లేదా నీరసంగా ఏడవడం.

గజ్జలలో గాని, వృషణాల దగ్గర గాని గట్టి వాపు. చేతివ్రేళ్లకు, కాలివ్రేళ్లకు వెంట్రుక చుట్టుకొని వ్రేలు ఎర్రబడి ఉన్నదేమో కూడా చూడండి.

నాలుగు నెలలు దాటాక ఏడుపు కొత్తగా మొదలవడం, లేదా తగ్గవలసిన వయసులో ఎక్కువవడం.

ఈ లక్షణాలేవీ లేవని వైద్యుడు చెప్పిన తరువాత బిడ్డకు కావలసినది వెన్ను సర్దే చేయి కాదు, ఎత్తుకునే చేయి. క్యాలెండరులో బిడ్డ పుట్టిన రోజు నుండి పన్నెండు వారాలు లెక్కించి ఒక గుర్తు పెట్టుకోండి. చాలామంది బిడ్డలకు ఆ గుర్తు వచ్చే లోపుననే సాయంకాలాలు ప్రశాంతమవుతాయి. అప్పటి వరకు తల్లిని నిందించకుండా, బిడ్డను బాధించకుండా గడపడం ఇంటిల్లిపాది బాధ్యత.